ఒక్క మార్కర్ చూసి అపాప్టోసిస్ అనకండి: పరిశోధన మార్గదర్శకులకు బహిరంగ లేఖ

హైదరాబాద్ నగరంలోని విశ్వవిద్యాలయాల్లో, ఫార్మసీ కళాశాలల్లో పిహెచ్‌డీ విద్యార్థులకు మార్గదర్శకులుగా ఉన్న ఆచార్యులకు, డాక్టొరల్ కమిటీల సభ్యులకు,

నమస్కారం. నేను ఈ నగరంలోని ఒక ఉమ్మడి పరికరాల కేంద్రంలో ఫ్లో సైటోమీటర్ (రంగు వేసిన కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి కొలిచే యంత్రం) చూసుకునే సాంకేతిక ఉద్యోగిని. మీ విద్యార్థులు తెచ్చిన కణాలను యంత్రంలోకి పంపి, ఫలితాన్ని వారి చేతికి ఇచ్చేది నేనే. ఆ ఫలితం తర్వాత థీసిస్‌లో ఏ వాక్యంగా మారిందో కూడా చదువుతుంటాను. దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగలో ఎవరైనా చదవవచ్చు కదా. "ఈ మొక్క సారం క్యాన్సర్ కణాల్లో అపాప్టోసిస్‌ను ప్రేరేపిస్తుంది" అనే వాక్యానికి చాలాసార్లు ఆధారం ఒకే ఒక చిత్రం. అంత తక్కువ ఆధారంతో అంత పెద్ద మాటను ఆమోదించవద్దని మిమ్మల్ని కోరడానికే ఈ లేఖ.

అపాప్టోసిస్ అంటే కణం చనిపోవడం మాత్రమే కాదు. ఒక క్రమం ప్రకారం తనను తాను విప్పేసుకుని చనిపోవడం. 1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలిస్టర్ కరీ దీన్ని సూక్ష్మదర్శినిలో కనిపించే రూపాన్ని బట్టి వర్ణించారు. కణం కుంచించుకుపోతుంది, కేంద్రకంలోని క్రోమాటిన్ (డీఎన్ఏ, ప్రోటీన్ల కలయిక) ముద్ద కడుతుంది, పొర చిరగకుండానే కణం చిన్న చిన్న తునకలుగా విడిపోతుంది. మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ పురుగు మీద జరిగిన పనిలో మరో విషయం తేలింది. ఉభయలింగ పురుగు ఎదుగుదలలో పుట్టే 1,090 శరీర కణాల్లో 131 చనిపోతాయి, ఆ మరణాన్ని నడిపించే జన్యువులు ఉన్నాయి. ఆ పనికి సిడ్నీ బ్రెన్నర్, రాబర్ట్ హార్విట్జ్, జాన్ సల్‌స్టన్‌లకు 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. జన్యువులు నడిపే దారి ఇది. కణం ఆ దారినే వెళ్లిందని చెప్పేవాళ్లు కనీసం రెండు మూడు మజిలీల దగ్గరైనా దాని జాడ చూపించాలి.

మా దగ్గరికి వచ్చే పనిలో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉంటుంది. ఆకు నుంచో వేరు నుంచో మిథనాల్‌తో తీసిన సారం, ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలు, ముందుగా కణాలు ఎంత చురుగ్గా ఉన్నాయో రంగు మార్పుతో చూసే ఎంటీటీ పరీక్ష, ఆ తర్వాత 48 గంటలు సారంలో ఉంచిన కణాలకు అనెక్సిన్-వి, ప్రొపీడియం అయొడైడ్ అనే రెండు రంగులు. "మేడమ్, నాలుగు గడుల చిత్రం ఒక్కటి వస్తే చాలు, కమిటీ అడిగేది అదే" అంటారు పిల్లలు. వాళ్లను నేను తప్పుపట్టను. అడిగింది తేవడం విద్యార్థి పని. అడిగేది మీరు కనుకే మీకు రాస్తున్నాను.

ఆ నాలుగు గడుల చిత్రం ఏం చెబుతుంది? అందులో ఒక్కో చుక్క ఒక్కో కణం. అనెక్సిన్ పట్టుకున్నది కుడివైపుకు, ప్రొపీడియం పట్టుకున్నది పైవైపుకు పడుతుంది. బతికున్న కణంలో ఫాస్ఫటిడిల్ సెరీన్ అనే కొవ్వు అణువు పొర లోపలి వైపే ఉంటుంది. పైకి వచ్చిన దాన్ని మళ్లీ లోపలికి తోయడానికి ఫ్లిపేజ్ అనే ప్రోటీన్లు కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చు చేస్తూ పనిచేస్తుంటాయి. అపాప్టోసిస్‌లో ప్రోటీన్లను తెంపే కాస్పేజ్-3 అనే ఎంజైము ఆ ఫ్లిపేజ్‌ను తెగ్గొడుతుంది, పొర రెండు వైపుల కొవ్వులనూ కలిపేసే ఎక్స్‌కేఆర్8 అనే స్క్రాంబ్లేజ్‌ను పనిలోకి దించుతుంది. దాంతో ఆ కొవ్వు పొర పైవైపున కనిపిస్తుంది. కాల్షియం ఉంటే అనెక్సిన్-వి దానికి అతుక్కుంటుంది. ప్రొపీడియం అయొడైడ్ మాత్రం చెక్కుచెదరని పొరను దాటలేదు. కనుక అనెక్సిన్ పట్టుకుని ప్రొపీడియం పట్టుకోని కణాలను తొలి దశ అపాప్టోసిస్ కింద లెక్క వేస్తారు. పద్ధతి మంచిదే. 1990ల మధ్య నుంచి ప్రపంచమంతా వాడుతోంది.

ఇబ్బంది ఎక్కడంటే, ఫాస్ఫటిడిల్ సెరీన్ బయటికి రావడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. గాయం దగ్గర రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు దాన్ని పైకి తెస్తాయి. నెక్రోప్టోసిస్ అనే వేరే రకం మరణంలో కూడా పొర పగలడానికి ముందే అది కనిపిస్తుంది. ఇంటి ముందు షామియానా వేసి ఉన్నంత మాత్రాన లోపల పెళ్లి జరుగుతోందో, ఎవరైనా పోయారో వీధిలో నిలబడి చెప్పలేం. ఇక పొర పూర్తిగా చిరిగిపోయిన కణంలోకి అనెక్సిన్ నేరుగా వెళ్లి, లోపలి వైపున్న కొవ్వుకే అతుక్కుంటుంది. అందువల్ల పై కుడి గడిలో పడ్డ కణం అపాప్టోసిస్ చివరికి చేరినది కావచ్చు, మొదటి నుంచీ నెక్రోసిస్‌తో, అంటే క్రమం లేకుండా పొర పగిలి, పోయినది కావచ్చు. అక్కడి చుక్కలకు వాటి గతం తెలియదు. అయినా థీసిస్‌లలో ఆ గడిని "చివరి దశ అపాప్టోసిస్" అని రాసి, కింది గడితో కలిపి ఒకే శాతంగా చూపిస్తున్నారు.

కణాలను చేతితో పట్టే తీరు మీద కూడా ఫలితం ఆధారపడుతుంది. పోయిన వేసవిలో ఒక అమ్మాయి నగరం అవతలి అంచు నుంచి ఆటోలో ఐస్ బాక్సు ఒడిలో పెట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం ఎండ, దారంతా ట్రాఫిక్. రంగులు వేసిన కణాలను గంటలోపు చదవాలి. ఆమె చేరేసరికి ఐస్ కరిగి ట్యూబులు నీళ్లలో తేలుతున్నాయి. ముందుగా కంట్రోల్ పెట్టాను. ఏ సారమూ తగలని కణాల్లోనే దాదాపు నాలుగో వంతు అనెక్సిన్ పట్టుకున్నాయి. "ఆ శాతాన్ని తీసేసి లెక్క వేసుకోవచ్చా మేడమ్?" అని అడిగింది. వేసుకోకూడదు. ప్రయాణం ఆరోగ్యంగా ఉన్న కణాలను చంపినంతగానే సారంతో ముందే నీరసపడిన కణాలనూ చంపుతుందని అనుకోవడానికి ఆధారం లేదు. ఆ రోజు మిగతా ట్యూబులు నడపలేదు. రంగులు మా దగ్గరికి వచ్చాకే వేద్దామని, మరోసారి కణాలను మీడియంలోనే (అవి పెరిగే పోషక ద్రవంలోనే) తీసుకురమ్మని పంపాను. ఆమెకు ఇంకో కిట్ కొనడానికి డబ్బు ఎక్కడ నుంచి వస్తుందన్నది ఆ కిట్‌తో ఋజువు అడిగిన కమిటీ కూడా ఆలోచించవలసిన ప్రశ్న.

ప్లేటుకు అంటుకుని పెరిగే కణాలను ట్రిప్సిన్ అనే ఎంజైముతో ఎక్కువసేపు ఉంచి లేపినా పొర దెబ్బతింటుంది. ట్రిప్సిన్‌తో పాటు ఉండే ఈడీటీఏ అనే రసాయనాన్ని కడిగివేయకపోతే అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అప్పుడు అనెక్సిన్ అతుక్కోవలసిన చోట కూడా అతుక్కోదు. మరొకటి. చనిపోతున్న కణాలు ప్లేటును వదిలి మీడియంలో తేలుతాయి. పాత మీడియం పారబోసి, అంటుకుని ఉన్నవాటినే తెచ్చినవారు తాము వెతుకుతున్న కణాలనే సింకులో పోసి వచ్చినట్టు. ఆ మీడియాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన వాటిని మిగతావాటితో కలపాలి. వైవాలో ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి, ప్రయోగం ఎలా జరిగిందో సగం తెలిసిపోతుంది.

మన మొక్కల సారాలకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. వాటికి సొంత రంగు ఉంటుంది, కొన్నింటికి సొంత మెరుపు ఉంటుంది. పసుపులోని కుర్కుమిన్‌నే తీసుకోండి. నీలి కాంతి పడితే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. అనెక్సిన్‌కు మామూలుగా తగిలించే ఎఫ్ఐటీసీ రంగు వెలిగేది కూడా అక్కడే. అలాంటి పదార్థం కణంలో చేరితే అనెక్సిన్ అసలు వేయకపోయినా చుక్కలు కుడివైపుకు జరుగుతాయి. సారం తగిలి, ఏ రంగూ వేయని కణాల ట్యూబు ఒకటి పక్కన ఉంటే ఈ తేడా వెంటనే దొరుకుతుంది. దానికి అదనపు కిట్ ఖర్చు కూడా లేదు. అయినా ఆ ట్యూబు తెచ్చేవారు అరుదు, ఎందుకంటే దాన్ని చూపించమని ఎవరూ అడగరు.

ఎంటీటీ గురించి కూడా చెప్పాలి. ఆ పరీక్షలో పసుపు రంగు టెట్రజోలియం ఊదారంగు ఫార్మజాన్‌గా మారుతుంది. అది కొలిచేది కణంలోని క్షయకరణ శక్తిని, అంటే జీవక్రియ చురుకును. రంగు తగ్గిందంటే కణాలు చనిపోయి ఉండవచ్చు, పెరగడం ఆపి ఉండవచ్చు, జీవక్రియ మందగించి ఉండవచ్చు. ఇంకో వైపు, పాలీఫినాల్స్ ఎక్కువగా ఉన్న సారాలు కణం ప్రమేయం లేకుండా తామే ఎంటీటీని ఊదారంగులోకి మార్చగలవు. అప్పుడు చనిపోయిన ప్లేటు కూడా బతికున్నట్టు కనిపిస్తుంది. కణాలు లేని గుంతల్లో సారం, ఎంటీటీ మాత్రమే వేసి చూస్తే సరిపోతుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధించేది ఎంసీఎఫ్-7 విషయం. ఈ కణాల్లో కాస్పేజ్-3 జన్యువు మూడో ఎక్సాన్‌లో (ప్రోటీన్ సమాచారం ఉండే భాగంలో) 47 క్షార జంటలు లేవు, అందువల్ల ఆ ప్రోటీన్ తయారుకాదు. ఈ సంగతి 1998లోనే ప్రచురితమైంది. ఇవి కాస్పేజ్-7 వంటి వాటి సాయంతో అపాప్టోసిస్‌లోకి వెళ్లగలవు, డీఎన్ఏ మరమ్మతులో పనిచేసే పార్ప్ ప్రోటీన్‌ను తెంపగలవు. కానీ వైలీ 1980లో థైమస్ కణాల్లో చూపించిన డీఎన్ఏ నిచ్చెన, అంటే తెగిన డీఎన్ఏ జెల్‌లో సుమారు 180 నుంచి 200 క్షార జంటల గుణిజాల్లో కనిపించే ఆ మెట్లు, సాధారణంగా వీటిలో కనిపించవు. అయినా ఎంసీఎఫ్-7 కణాల్లో వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో బరువును బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) చేస్తే తెగిన కాస్పేజ్-3 పట్టీ కనిపించిందని, నిచ్చెన కనిపించిందని రాసిన అధ్యాయాలు కమిటీలు దాటి వెళ్లిపోతున్నాయి. ఆ పట్టీ కనిపించిందంటే రెండే ప్రశ్నలు. ఆ యాంటీబాడీ మరేదో ప్రోటీన్‌ను పట్టుకుందా? లేక ఆ ఫ్లాస్కులో ఉన్నవి అసలు ఎంసీఎఫ్-7 కణాలేనా? పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెచ్చిన కణాలు కూడా ఒక ప్రయోగశాల నుంచి ఇంకో ప్రయోగశాలకు చేతులు మారుతూ పోతే మధ్యలో వేరేవి కలిసిపోవచ్చు. ఎస్‌టీఆర్ అనే డీఎన్ఏ గుర్తుల పరీక్షతో కణాల గుర్తింపు తేల్చుకోవచ్చు. ఆ కాగితం థీసిస్‌కు జతచేయమని అడిగే అధికారం మీకు ఉంది.

వెస్టర్న్ బ్లాట్ చేసేవారికి ఒక మాట. కాస్పేజ్-3 పూర్తి రూపం సుమారు 32 కిలోడాల్టన్లు, తెగిన పెద్ద ముక్క 17, 19 దగ్గర వస్తుంది. పది శాతం జెల్‌లో అంత చిన్న ముక్క రంగు గీతతో పాటే కిందికి జారిపోతుంది. పదిహేను శాతం జెల్, 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న బ్లాటింగ్ పొర వాడమని చెప్పేవారు లేక ఎందరో పిల్లలు ఫలితం రాలేదని నెలల తరబడి అదే బ్లాట్ మళ్లీ మళ్లీ చేస్తున్నారు. పార్ప్ దీనికంటే సులభం. 116 కిలోడాల్టన్ల పట్టీ తగ్గి 89 దగ్గర కొత్తది వస్తే కాస్పేజులు పనిచేశాయని అర్థం. నెక్రోసిస్‌లో లైసోజోముల ఎంజైములు దాన్ని వేరే చోట్ల తెంపుతాయి, అప్పుడు ప్రధానమైన ముక్క 50 దగ్గర పడుతుంది. పట్టీ ఎక్కడ ఉందన్నదే సాక్ష్యం. అందుకే కత్తిరించిన చిన్న ముక్క కాకుండా, బరువుల కొలత చూపే మార్కర్ నిచ్చెనతో సహా మొత్తం బ్లాట్ చూపించమనండి.

ఎలుకల కణజాలంతో పనిచేసే విభాగాల్లో టనెల్ పరీక్ష వాడకం ఎక్కువ. 1992లో వచ్చిన ఈ పద్ధతి డీఎన్ఏ తెగిన కొసలకు రంగు తగిలిస్తుంది. కానీ తెగిన కొసలు నెక్రోసిస్‌లోనూ ఉంటాయి, జంతువు చనిపోయాక ఫార్మలిన్‌లో వేయడం ఆలస్యమై కుళ్లడం మొదలైన కణజాలంలోనూ ఉంటాయి. ఎంజైము వేయని స్లైడు ఒకటి, డీఎన్ఏను తెంపే డీఎన్ఏజ్ వేసిన స్లైడు ఒకటి పక్కన లేకపోతే ఆ గోధుమరంగు చుక్కలకు విలువ లేదు.

ఇప్పుడు 48 గంటల సంగతి. మన శరీరంలో అపాప్టోసిస్‌తో చనిపోయే కణాన్ని మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు వెంటనే మింగేస్తాయి, పొర పగిలే అవకాశమే రాదు. ప్లేటులో మాక్రోఫేజ్‌లు ఉండవు. అక్కడ ఎంత పద్ధతిగా చనిపోయిన కణమైనా కొన్ని గంటలకు పొర చిరిగి నెక్రోసిస్‌లాగే కనిపిస్తుంది. రెండు రోజుల తర్వాత ఒక్కసారి మూత తీసి చూస్తే దొరికేది శవాలు మాత్రమే. 4, 8, 16, 24 గంటల్లో వరసగా చూస్తే చుక్కలు ముందు కింది కుడి గడిలోకి, అక్కడి నుంచి పైకి కదులుతున్నాయో, లేక నేరుగా పైకి ఎగిరాయో తెలుస్తుంది. సమయక్రమం లేని అనెక్సిన్ చిత్రాన్ని అపాప్టోసిస్‌కు ఋజువుగా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

చివరి పరీక్ష నిరోధకాలతో. కాస్పేజులను ఆపే జెడ్-వాడ్-ఎఫ్ఎంకేను ముందుగా కణాలకు ఇచ్చి, ఆపైన సారం వేయాలి. మరణం గణనీయంగా తగ్గితే కాస్పేజుల పాత్ర ఉందని చెప్పే హక్కు వస్తుంది. తగ్గకపోతే వెతకవలసిన తలుపులు వేరే ఉన్నాయి. నెక్రోస్టాటిన్-1 ఆపితే ఆర్ఐపీకే1 అనే ప్రోటీన్ నడిపే నెక్రోప్టోసిస్ వైపు, ఫెర్రోస్టాటిన్-1 ఆపితే ఇనుము, కొవ్వుల ఆక్సీకరణతో జరిగే ఫెర్రోప్టోసిస్ వైపు చూడాలి. ఫెర్రోప్టోసిస్‌కు ఆ పేరు పెట్టిందే 2012లో. కణమరణ నామకరణ కమిటీ 2018 నాటి పత్రంలో పదికి పైగా మరణ మార్గాలను వేరువేరుగా నిర్వచించింది. మన థీసిస్‌లు మాత్రం కణం ఎలా పోయినా అపాప్టోసిస్ అనే ఒక్క దారిలోనే పంపుతున్నాయి. ఆ మొక్కలో నిజంగా కొత్త విషయం ఏదైనా ఉంటే ఇక్కడే చేజారిపోతోంది.

ఇది ఇంతగా పట్టించుకోవలసిన విషయమా అని మీలో కొందరు అనుకోవచ్చు. ఈ వాక్యాలు థీసిస్‌లోనే ఆగిపోవు. వాటి నుంచి పత్రికా ప్రకటన వస్తుంది, "ఫలానా ఆకుతో క్యాన్సర్‌కు చెక్" అనే శీర్షిక వస్తుంది. నేను ల్యాబులో పనిచేస్తానని తెలిసిన బంధువులు ఆ వార్త ఫొటో పంపి ఫోను చేస్తారు. "ఆ చెట్టు మన పెరట్లోనే ఉంది, రసం తాగిస్తే కీమో మానెయ్యవచ్చా అమ్మా?" అని అడిగిన గొంతులో ఎంత ఆశ ఉంటుందో నాకు తెలుసు. వద్దు, డాక్టరు చెప్పిన చికిత్స ఆపవద్దని వాళ్లకు చెప్పడం తేలిక కాదు, ఎందుకంటే వార్తలో ఉన్నది ఒక ఆచార్యుల పేరు. ప్లేటులో సారం నేరుగా కణం మీద పడుతుంది. తాగిన రసం పేగు, కాలేయం దాటి కణితి దాకా ఎంత చేరుతుందో ఆ థీసిస్‌లో ఉండదు.

మొక్కల మీద పరిశోధన వద్దని నేను అనడం లేదు. మన వీధుల్లో పూసే బిళ్లగన్నేరు నుంచే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి, పిల్లల లుకేమియా చికిత్సలో విన్‌క్రిస్టిన్‌ను ఈనాటికీ వాడుతున్నారు. అది సాధ్యమైంది సారం దగ్గర ఆగకుండా అందులోని అణువును విడదీసి, అది కణ విభజనకు అవసరమైన ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుందని తేల్చినందువల్ల. మరణ మార్గాన్ని నిజంగా అర్థం చేసుకుంటే ఏమవుతుందో వెనెటోక్లాక్స్ అనే రక్త క్యాన్సర్ మందు చూపించింది. బీసీఎల్-2 అనే ప్రోటీన్ కణాన్ని చావనివ్వకుండా ఆపుతుందని 1988లో తెలిసింది. ఆ ప్రోటీన్‌నే గురిపెట్టిన మందుకు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. మధ్యలో గడిచిన కాలమంతా ఒక్కో మజిలీని ఋజువు చేసుకుంటూ నడిచినదే.

డబ్బు సమస్య నాకు తెలుసు. ఫెలోషిప్పు నెలల తరబడి ఆగిపోయిన పిల్లలను రోజూ చూస్తున్నాను. ఒక్కో విద్యార్థి ఒక్కో యాంటీబాడీ కొనలేడు, నిజమే. కానీ ఒక విభాగమంతా కలిసి తెగిన కాస్పేజ్-3, పార్ప్ యాంటీబాడీలు, అపాప్టోసిస్‌ను తప్పక కలిగించే స్టారోస్పోరిన్ ఒక వయల్, మూడు నిరోధకాలు కొని ఒకే ఫ్రీజర్‌లో ఉంచుకోవచ్చు. స్టారోస్పోరిన్ వేసిన హీలా అనే క్యాన్సర్ కణాల లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) ఒకసారి తయారుచేసి చిన్న భాగాలుగా పంచుకుంటే ఎంతోమంది విద్యార్థులకు పాజిటివ్ కంట్రోల్, అంటే ఫలితం తప్పక కనిపించవలసిన నమూనా, దొరుకుతుంది. హబ్సిగూడ, తార్నాక, ఉప్పల్, గచ్చిబౌలి అంటూ ఇన్ని పరిశోధనాలయాలు ఉన్న నగరంలో ఆ చిన్న ట్యూబు కోసం ఒక విద్యార్థి ఒంటరిగా ఇబ్బంది పడకూడదు.

అది కూడా వీలుకాని చోట ఇంకో దారి ఉంది, దానికి ఖర్చు లేదు. "ఈ సారం ఈ మోతాదులో కణాల సంఖ్యను తగ్గించింది, కారణం ఇంకా తేలలేదు" అని రాసిన విద్యార్థిని ఉత్తీర్ణుడిని చేయండి. అలా రాస్తే కమిటీ ఒప్పుకోదనే భయంతోనే పిల్లలు లేని నిశ్చయాన్ని అరువు తెచ్చుకుంటున్నారు. ఆ భయాన్ని తీసివేయగలిగింది మీరొక్కరే. వచ్చే సమీక్షా సమావేశంలో అపాప్టోసిస్ అనే మాట ఉన్న స్లైడు రాగానే సమయక్రమం ఎక్కడ, రంగు వేయని సారం ట్యూబు ఎక్కడ, నిరోధకంతో ఏమైంది అని అడగండి. జవాబు లేకపోతే అధ్యాయాన్ని తిరస్కరించనక్కరలేదు, శీర్షిక మార్పించండి చాలు.

నా వైపు నుంచి ఒక మాట ఇస్తున్నాను. కంట్రోల్ ట్యూబులు తెచ్చే విద్యార్థులకు మా కేంద్రం అనుమతితో యంత్రంపై సాయంత్రం సమయం కేటాయిస్తాను, గేట్లు (చిత్రంలో గడులను విడదీసే హద్దులు) ఎలా గీయాలో పక్కన కూర్చుని చూపిస్తాను. దూరం నుంచి వచ్చేవారు ముందు రోజు ఫోను చేస్తే రంగులు మా బల్ల మీదే వేసుకునే ఏర్పాటు చేస్తాను. వారిని ఆ ట్యూబులతో పంపవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఫ్లో సైటోమెట్రీ విభాగపు సాంకేతిక ఉద్యోగిని,
హైదరాబాద్